కొత్త సీజన్, తొలి వారం



ఏడాదికి మూడు నాలుగు సార్లు, శుక్రవారం పోయి శనివారం వచ్చే నడిరాత్రి, ఊరంతా గుర్రుపెట్టి నిద్రపోతుంటే కొన్ని ఇళ్ళలో ఒక్క గదిలో మాత్రం లైటు వెలుగుతూ ఉంటుంది. ఫ్లాస్కులో టీ, పక్కన మిక్చరు పొట్లం. "ఇంకా పడుకోలేదేంట్రా?" అని తల్లి తలుపు తోసి అడిగితే, "ఇవాళ లీగ్ మొదలమ్మా" అని జవాబు. ఆవిడకు ఏమీ అర్థం కాదు. తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోతుంది. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ నగరంలో గ్రైండింగ్ గియర్ గేమ్స్ అనే కంపెనీ ఉంది. 2013 అక్టోబరులో ఆ కంపెనీ విడుదల చేసిన ఆట 'పాత్ ఆఫ్ ఎగ్జైల్'. దానికి కొన్ని నెలలకొకసారి కొత్త లీగ్ వస్తుంది. చాలాసార్లు అది అమెరికా పడమటి తీరంలో శుక్రవారం మధ్యాహ్నం మొదలవుతుంది. వాళ్ళ మధ్యాహ్నం మనకు అర్ధరాత్రి దాటిన వేళ. నేను ఇవాళ చెప్పబోయేది సగం ఆ తల్లి కోసం, సగం ఆ పిల్లవాడి కోసం. ఆడపిల్లలూ ఆడుతున్నారు, వాళ్ళనూ కలుపుకునే చెబుతున్నాను.

ముందు తల్లికి. వీటిని యాక్షన్ రోల్ ప్లేయింగ్ ఆటలంటారు. ఒక పాత్రను ఎంచుకుని రాక్షసుల మీదికి పోవాలి. చచ్చిన రాక్షసుడు ఏదో ఒకటి కింద పడేస్తాడు. కత్తి కావచ్చు, ఉంగరం కావచ్చు, బూట్లు కావచ్చు. దాన్ని లూట్ అంటారు. పడినదాంట్లో ముప్పాతిక మూడువీసాలు చెత్తే. మిగిలిన ఆ కాస్త మంచి సరుకు కోసం చంపిన రాక్షసుణ్ణే మళ్ళీ మళ్ళీ చంపడాన్ని ఫార్మింగ్ అంటారు. ఇక సీజన్. కొన్ని ఆటల్లో లీగ్ అంటారు, కొన్నిటిలో ల్యాడర్ అంటారు, సంగతి ఒకటే. పాత ఆస్తిపాస్తులన్నీ ఒక పక్కన పెట్టి, ఆడే వాళ్ళందరూ మొదటి లెవెల్ నుంచి వట్టి చేతులతో మొదలుపెట్టాలి. మొన్నటిదాకా కోటీశ్వరుడైనవాడూ ఇవాళ తుప్పు పట్టిన గొడ్డలితోనే బయల్దేరాలి.

ఎందుకీ ఏర్పాటు అంటే, దానికో కథ ఉంది. 2000 జూన్‌లో 'డయాబ్లో 2' విడుదలైంది. చేసింది కాలిఫోర్నియాలోని బ్లిజార్డ్ నార్త్. ఆ సంస్థను పెట్టినవాళ్ళలో ఒకరైన డేవిడ్ బ్రెవిక్ కుర్రతనంలో ఉన్న ప్రాంతానికి దగ్గర్లో మౌంట్ డయాబ్లో అని ఒక కొండ ఉంది. ఆట పేరు అక్కడి నుంచే వచ్చింది. ఆ ఆటలో బంగారు నాణేలు ఉన్నాయి గానీ వాటిని ఎవరూ లెక్కచేసేవారు కాదు. అందుకని ఆటగాళ్ళు తమంతట తాము ఒక డబ్బును తయారుచేసుకున్నారు. 'స్టోన్ ఆఫ్ జోర్డన్' అనే ఉంగరం. కవచం కావాలా, ఇన్ని ఉంగరాలు. ఖడ్గం కావాలా, అన్ని ఉంగరాలు. బాగానే నడిచింది. ఇంతలో మోసగాళ్ళు ఆటలో లొసుగులు పట్టుకుని ఒక ఉంగరాన్ని రెండు చేయడం, రెండిటిని నాలుగు చేయడం మొదలుపెట్టారు. దొంగనోట్లు పడ్డ బజారు ఎలా ఉంటుందో అలా తయారైంది. 2003 అక్టోబరులో వచ్చిన 1.10 ప్యాచ్‌తో రెండు మందులు వేశారు. ఒకటి ల్యాడర్ సీజన్లు, అంటే పలక తుడిచి మళ్ళీ మొదలుపెట్టడం. రెండోది తమాషా అయినది. ఆటలోని దుకాణాల్లో జనం స్టోన్ ఆఫ్ జోర్డన్ ఉంగరాలు తగినన్ని అమ్మేస్తే, అప్పుడు లోకంలోకి ఒక మహా డయాబ్లో దిగుతాడు. వాణ్ణి చంపితే 'అనైహిలస్' అనే చిన్న తాయెత్తు దొరుకుతుంది. ఆ తాయెత్తు ఆశకు జనం ఉంగరాలను వాళ్ళంతట వాళ్ళే తెచ్చి దుకాణంలో పోశారు. ఆర్థికమంత్రులకు ఇంత తెలివైన ఉపాయం తడుతుందా అని నాకు అప్పుడప్పుడూ అనుమానం.

ఆ పాఠం కంపెనీవాళ్ళకే పూర్తిగా వంటబట్టలేదు. 2012 మేలో వచ్చిన 'డయాబ్లో 3'లో వేలంశాల పెట్టారు. ఆట బంగారంతోనే కాక, నిజం డబ్బుతో కూడా సరుకు కొనుక్కోవచ్చన్నారు. దాంతో రాక్షసుణ్ణి చంపడం దండగ, వేలంశాలలో కూర్చుంటే చాలు అన్నట్టు తయారైంది. 2014 మార్చి 18న దాన్ని మూసేశారు. ఆ ఏడు ఆగస్టులో డయాబ్లో 3కి కూడా సీజన్లు వచ్చాయి.

ఇక పిల్లవాడికి చెప్పవలసిన మాట. సీజన్ తొలి వారంలో అరుదైన సరుకు అంటే ఏది?

నన్నడిగితే అరుదు రెండు రకాలు. ఆట లెక్కల్లో అరుదైనది ఒకటి. బజారులో అరుదైనది ఇంకొకటి. మొదటిది ఎప్పుడూ అరుదే, మొదటి రోజైనా, ఆఖరి రోజైనా. రెండోది అలా కాదు. అందరికీ ఒకేసారి కావాలి, ఇంకా ఎవరి దగ్గరా లేదు, అందుకని అరుదు. జూన్‌లో బడులు తెరిచేటప్పుడు నోటుపుస్తకాల దుకాణం ముందు ఎలా ఎగబడతారో చూడండి. ఆగస్టులో అదే దుకాణంలో ఈగలు తోలుకోవాలి. తొలి వారం ఫార్మింగ్ చేసేవాడు నోటుపుస్తకాలు అమ్మాలి గానీ వజ్రాల వేటకు పోకూడదు. నేను చెప్పదలచింది ఇంతే. అయితే దీన్ని ఆటలోకి దింపి చూడకపోతే ఒట్టి మాటగా మిగిలిపోతుంది కాబట్టి కొంచెం లోపలికి వెళదాం.

డయాబ్లో 2నే తీసుకుందాం. 2021 సెప్టెంబరులో దాన్ని కొత్త బొమ్మలతో 'రిసరెక్టెడ్' పేరుతో మళ్ళీ తెచ్చారు, ఇప్పటికీ ల్యాడర్ సీజన్లు నడుస్తున్నాయి. ఆ ఆటలో రూన్లు అని 33 రకాల రాళ్ళున్నాయి. అన్నిటికన్నా చిన్నది ఎల్, అన్నిటికన్నా పెద్దది జాడ్. కవచానికో కత్తికో ఉన్న తొర్రల్లో ఈ రాళ్ళను సరైన వరసలో పొదిగితే ఆ వస్తువుకు ఒక కొత్త పేరు, కొత్త శక్తి వస్తాయి. దాన్ని రూన్‌వర్డ్ అంటారు. జా, ఇత్, బెర్ అనే మూడు రాళ్ళు పొదిగితే 'ఎనిగ్మా' అవుతుంది. దాన్ని తొడుక్కుంటే ఏ పాత్ర అయినా ఉన్న చోటి నుంచి మాయమై ఇంకో చోట తేలుతుంది. ఆ మూడిటిలో జా 31వ రాయి, బెర్ 30వది. అందరి కలా అదే. తొలి వారంలో దాని జోలికి పోయినవాడు సాధారణంగా ఒట్టి చేతులతోనే తిరిగొస్తాడు.

అదే వారంలో అందరికీ కావలసినవి ఏమిటి? టల్, ఎత్ అనే రెండు చిన్న రాళ్ళు. రెండు తొర్రలున్న కవచంలో పొదిగితే 'స్టెల్త్'. 17వ లెవెల్ నుంచి తొడుక్కోవచ్చు. నడక, మంత్రం వేసే వేగం రెండూ పెరుగుతాయి. ఆ తర్వాత టల్, తుల్, ఆర్ట్, ఆమ్న్. ఈ నాలుగూ నాలుగు తొర్రల కత్తిలో పొదిగితే 'స్పిరిట్'. 25వ లెవెల్ నుంచి పట్టుకోవచ్చు. అన్ని విద్యలకూ రెండేసి మెట్లు పెంచుతుంది, మంత్రాల వేగం పాతిక నుంచి ముప్పై అయిదు శాతం దాకా పెంచుతుంది. మంత్రాలు వేసే పాత్ర ఎవరిదైనా సరే, ఈ కత్తి చేతిలో పడ్డాక ఆట తీరే మారిపోతుంది.

ఈ చిన్న రాళ్ళు ఎక్కువగా ఎక్కడ దొరుకుతాయంటే, మొదటి అంకంలోని బ్లాక్ మార్ష్ అనే చిత్తడి నేలలో ఒక పాడుబడ్డ బురుజు ఉంది. దాని కింద అయిదు అంతస్తుల నేలమాళిగ. అన్నిటికన్నా అడుగున ఉంటుంది కౌంటెస్. కన్నెపిల్లల నెత్తుటితో స్నానం చేసిందని ఆమె మీద కథ. మిగతా రాక్షసుల్లా కాకుండా ఈమెకు మాత్రం రూన్ల కోసమే ఒక ప్రత్యేకమైన పద్దు ఉంది. ఆటకు నార్మల్, నైట్‌మేర్, హెల్ అని కష్టం పెరిగే మూడు స్థాయిలున్నాయి. నార్మల్ స్థాయిలో ఆ పద్దు 8వ రాయి రాల్ దాకా ఇస్తుంది, హెల్ స్థాయిలో 24వ రాయి ఇస్ట్ దాకా. టల్, ఎత్, రాల్ కావాలంటే ఈమె గడప తొక్కాల్సిందే.

ఇలా ఒకసారి వెళ్ళి చంపి రావడాన్ని రన్ అంటారు, అది ఎలా ఉంటుందో కాస్త చూడండి. ఆన్‌లైన్‌లో ప్రతి కొత్త గేముకూ నేల అమరిక మారిపోతుంది. చిత్తడిలో బురుజు ఎటు ఉందో ముందు వెతుక్కోవాలి. అందుకే తొలి పాత్రగా చాలామంది మంత్రగత్తె సార్సరెస్‌ను పెంచుతారు. 18వ లెవెల్‌కు ఆమెకు టెలిపోర్ట్ విద్య వస్తుంది. గోడలకు అవతలికి ఎగిరిపోతుంది, ఎదురొచ్చిన మేకముఖం రాక్షసుల్ని పలకరించాల్సిన పనిలేదు. మెట్లు, మెట్లు, మెట్లు. అయిదో అంతస్తు చేరేసరికి ఆ చివరి గదిలో కౌంటెస్ పరివారంతో నిలబడి ఉంటుంది. ఆమె ఒంటినిండా అగ్గి. చచ్చేటప్పుడు పేలుతుంది, దగ్గరగా నిలబడితే మనమూ పోతాం. దూరం నుంచే పని ముగించి, పేలుడు ఆగాక నేల మీద చూస్తే రాళ్ళ పేర్లు నారింజ రంగులో కనిపిస్తాయి. టల్. ఎత్. ఇంకో టల్. ఏరుకుని, గేము మూసి, మళ్ళీ కొత్త గేము తెరవడమే.

ఇక్కడ ఒక కిటుకు ఉంది, చాలామందికి తెలియదు. డయాబ్లో 2లో ఒకే గేములో ఎనిమిది మంది దాకా ఆడొచ్చు. మనుషులు పెరిగితే రాక్షసులు పడేసే సరుకూ పెరుగుతుంది. కాబట్టి గుంపుగా పోవడం మేలని అందరూ అనుకుంటారు. కౌంటెస్ దగ్గర ఇది తలకిందులు. ఆమె చచ్చినప్పుడు ముందు మామూలు సరుకు పడుతుంది, తర్వాతే రూన్ల వంతు. మొత్తం కలిపి ఆరు వస్తువులకు మించి పడవు. గుంపు పెరిగితే ముందు పడే బూట్లూ బాణాలూ పెరిగి, వెనక వచ్చే రూన్లకు చోటు మిగలదు. ఒంటరిగా వెళ్ళినవాడికే ఎక్కువ రాళ్ళు. ఆట చేసినవాళ్ళు కావాలని పెట్టారో లెక్కల్లో అలా కుదిరిందో గానీ, తెలిసినవాడికి పంట.

ఆమ్న్ 11వ రాయి; అదీ, ఆర్ట్, తుల్ కూడా కౌంటెస్ నార్మల్ పద్దులో లేవు. వాటికి వేరే దారులున్నాయి. నాలుగో అంకంలో హెల్‌ఫోర్జ్ అనే కొలిమి దగ్గర పని పూర్తిచేస్తే నార్మల్‌లో ఎల్ నుంచి ఆమ్న్ దాకా ఏదో ఒక రాయి ఇస్తారు. లేదా మూడు తుల్ రాళ్ళూ ఒక పగిలిన పుష్యరాగమూ హొరాడ్రిక్ క్యూబ్ అనే పెట్టెలో వేస్తే ఒక ఆమ్న్ అవుతుంది. నాలుగు తొర్రల కత్తి కోసం క్రిస్టల్ స్వోర్డ్ వెతకాలి. ఐటెం లెవెల్ (ఆ వస్తువు సొంత లెవెల్) 26 నుంచి 40 లోపు ఉన్న తొర్రల్లేని కత్తిని అయిదో అంకంలో లార్జుక్ అనే కమ్మరికి ఇస్తే సరిగ్గా నాలుగు తొర్రలు వేస్తాడు. అంతకన్నా పై లెవెల్ కత్తి ఇస్తే ఆరు వేస్తాడు, ఆ కత్తి స్పిరిట్‌కు పనికిరాదు. అయిదో అంకం దాకా వచ్చి ఈ ఒక్క అంకె చూసుకోక తల పట్టుకున్నవాళ్ళు ఎంతమందో.

మా అన్నయ్య కొడుకు ఒకడున్నాడు. ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడికి ఈ చిన్న రాళ్ళంటే చిన్నచూపు. మూడో రోజుకే హెల్ స్థాయిలో మెఫిస్టో అనే పెద్ద రాక్షసుడి మీదికి పోతాడు. షాకో కావాలట. షాకో అంటే 'హార్లెక్విన్ క్రెస్ట్' అనే టోపీ, ఏ పాత్రకైనా నప్పుతుంది. పోయిన సీజన్‌లో ఒకరోజు ఫోన్ చేసి, "బాబాయ్, వంద మందిలో ఒకరికి పడాలి కదా, వంద సార్లు చంపాను, నాకెందుకు పడలేదు? ఆట మోసం చేస్తోంది" అన్నాడు.

"ఒరే, నువ్వు చదివే చదువులో సంభావ్యత లేదా?" అన్నాను. వాడు ఫోన్ పెట్టేశాడు.

కానీ వాడు అడిగినది సబబైన ప్రశ్నే, చాలామంది అడిగేదే. ఒక వస్తువు నూటికి ఒక్కసారి పడుతుందనుకుందాం. ఈ అంకె ఉదాహరణకే చెబుతున్నాను. నూరు సార్లు చంపితే ఒకటి ఖాయం అనుకుంటాం. కాదు. నూరు రన్నుల్లో కనీసం ఒకటి దొరికే అవకాశం 63 శాతం. అంటే నూరుమంది తలా నూరు రన్నులు చేస్తే సుమారు 37 మంది వట్టి చేతులతో లేస్తారు. రెండు వందల రన్నులు చేసినా 13 మందికి పడదు. మూడు వందలకూ అయిదుగురు మిగిలిపోతారు. ఆ అయిదుగురి నోటి మాటే బయట గట్టిగా వినిపిస్తుంది, ఎందుకంటే దొరికినవాడు నోరు మూసుకుని ఆడుకుంటూ ఉంటాడు. రాక్షసుడికి జ్ఞాపకం లేదు. తొంభై తొమ్మిది సార్లు ఇవ్వలేదు కదా, ఈసారి ఇద్దాం అనుకోడు.

అదృష్టం మన చేతిలో లేదు గానీ, గంటకు ఎన్ని రన్నులు అన్నది మన చేతిలో ఉంది. నిజమైన ఫార్మింగ్ అంతా అక్కడే. ఒక రన్‌కు మూడు నిమిషాలు పడితే గంటకు 20. ఒక్కొక్క రన్ తర్వాత ఊరికొచ్చి సంచీ సర్దుకుని, దొరికిన ప్రతి బూటునూ తిప్పితిప్పి చూసి, దుకాణంలో అమ్మి, ఇంకో రెండు నిమిషాలు గడిపితే గంటకు 12. ఎనిమిది రన్నులు బూట్లు చూడటంలోనే పోయాయి. తొలి వారంలో బంగారం కూడా కొరతే, కొంచెం అమ్ముకోక తప్పదు, ఒప్పుకుంటాను. కానీ సంచీ నిండినప్పుడు ఒక్కసారి సర్దడం వేరు, ప్రతిసారీ బీరువా ముందు కూర్చోవడం వేరు.

ఇంకో భ్రమ మ్యాజిక్ ఫైండ్. కొన్ని వస్తువుల మీద ఈ గుణం ఉంటుంది, మంచి సరుకు పడే అవకాశం పెంచుతుంది. దీనికోసం కవచం వదిలేసి, ప్రాణం మీదికి తెచ్చుకుని, ఒంటినిండా మ్యాజిక్ ఫైండ్ తగిలించుకుని తిరుగుతారు. డయాబ్లో 2లో అరుదైన యూనిక్ వస్తువుల విషయంలో దీనికి రాబడి తగ్గుతూ పోతుంది. నూరు శాతం తగిలించుకుంటే నిజంగా పనిచేసేది 71. మూడు వందలు తగిలిస్తే 136. అయిదు వందలు తగిలించినా 166 దాటదు. మూడు వందల దగ్గర్నుంచి అయిదు వందలకు పోవడానికి పడ్డ పాట్లకు దక్కింది 30 శాతం, దానికోసం రాక్షసుణ్ణి చంపడానికి రెట్టింపు సమయం పడితే నష్టమే. పైగా రూన్ల మీద మ్యాజిక్ ఫైండ్ అసలు పనిచేయదు. కౌంటెస్ దగ్గరికి అది వేసుకుని పోవడం ఒట్టి సోకు.

మెఫిస్టో గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. మూడో అంకం చివర, డ్యూరెన్స్ ఆఫ్ హేట్ మూడో అంతస్తులో ఉంటాడు. వాడి గదికి ముందు నెత్తుటి కాలువ ఉంది. సార్సరెస్ కాలువకు ఇవతల నిలబడి వాణ్ణి అవతలి అంచుకు రప్పించుకుంటే, దాటలేక అక్కడే ఇరుక్కుపోతాడు. ఇటు నుంచి మంత్రాలు వేస్తూ కూర్చోవచ్చు. చేతకాని తొలి రోజుల పాత్రకు ఇది వరం. నైట్‌మేర్ స్థాయిలో ఇలా చంపుతూ పోతే వైపర్‌మేజై కవచం, ఆక్యులస్ లాంటివి దొరికే అవకాశం ఉంది. హెల్ స్థాయికి తొందర లేదు. మా వాడు అక్కడికే వెళ్ళి, మంచుదెబ్బకు రోజంతా చస్తూ బతికాడు.

ఇప్పుడు పాత్ ఆఫ్ ఎగ్జైల్. ఇక్కడ బజారు ఇంకా ముదురు. బంగారం ఊసే లేకుండా ఏళ్ళ తరబడి నడిచిన ఆట ఇది. ఆర్బులు అనే గోళాలే డబ్బు. కేయాస్ ఆర్బ్ చిల్లర లాంటిది, డివైన్ ఆర్బ్ పెద్ద నోటు. ఏ ఆర్బుకు ఎంత అన్నది కంపెనీ చెప్పదు, బజారే తేలుస్తుంది. 2024 జూలైలో 'సెట్లర్స్ ఆఫ్ కల్గూర్' లీగ్‌తో బంగారమూ వచ్చింది, ఆర్బులు మార్చుకునే మారకం బల్లా వచ్చింది. అంతకుముందు ప్రతి బేరానికీ మనిషిని బతిమాలుకోవాల్సి వచ్చేది.

ఈ ఆటలో తొలి వారపు నోటుపుస్తకం ఏదంటే, నా లెక్కలో 'ట్యాబ్యులా రాసా'. ఒక అంగీ. ఒంటికి రక్షణ సున్నా. గుణాలు సున్నా. చూస్తే బిచ్చగాడి చొక్కా. కానీ దానికి ఆరు తొర్రలు, ఆరూ ఒకదానికొకటి కలిసి, తెల్లరంగులో ఉంటాయి. ఈ ఆటలో మంత్రాలు మణుల రూపంలో ఉంటాయి, తెల్ల తొర్రలో ఏ రంగు మణి అయినా పడుతుంది. ఒక ముఖ్యమైన మంత్రం మణికి అయిదు సహాయక మణులు తగిలించుకోవచ్చు. మామూలు కవచానికి ఆరు తొర్రలూ కలిపించుకోవాలంటే తొలి రోజుల్లో పెట్టాల్సిన ఆర్బులు తలుచుకుంటేనే గుండె జారుతుంది. ఇదేమో రెడీమేడ్.

దాన్ని నేరుగా వేటాడితే దొరకడం కష్టం. 'హ్యుమిలిటీ' అనే కార్డులు తొమ్మిది పోగుచేసి ఇస్తే ట్యాబ్యులా రాసా ఇస్తారు. ఆ కార్డులు తొమ్మిదో అంకంలో బ్లడ్ ఆక్విడక్ట్ అనే చోట పడతాయి. పేరుకు తగ్గట్టు నెత్తురు పారే కాలువ, దాని మీద పొడవాటి రాతి దారి. ఎటు పోవాలో అని వెతుక్కునే పనే లేదు. ఈ చివర దిగు, ఆ చివర దాకా కొట్టుకుంటూ పో, తిరిగి కొత్తగా తెరువు. గంటకు ఎన్ని రన్నులు అన్న లెక్కకు ఇంతకన్నా అనువైన చోటు ఆ అంకాల్లో నాకు కనబడలేదు.

దానికి తోడు ఇంకో లాభం. ఆ చోటి లెవెల్ 61. అక్కడ పడే పసుపురంగు రేర్ వస్తువుల్లో టోపీ, కవచం, చేతితొడుగులు, బూట్లు, బెల్టు, హారం, రెండు ఉంగరాలు, ఆయుధం, ఇలా ఒక పూర్తి వేషం కుదిరితే దుకాణదారుడు కేయాస్ ఆర్బ్ ఇస్తాడు. వస్తువులన్నీ 60కి తగ్గని లెవెల్ ఉన్నవి కావాలి, వాటిలో కనీసం ఒకటి 60 నుంచి 74 మధ్యది అయి ఉండాలి. ఏ వస్తువులో ఏ గుణముందో విప్పిచూడకుండా మూటగానే ఇస్తే ఒకటికి రెండు ఆర్బులు. ఆశపడి విప్పి చూసుకున్నవాడికి ఒకటే. చూడకుండా ఉండగలిగినవాడికి డబ్బిచ్చే దుకాణం నాకు తెలిసి ఇదొక్కటే. ఈ కేయాస్ మూటల పని విసుగు పుట్టిస్తుంది, రెండో వారంలో మానేయాలి. మొదటి రెండు మూడు రోజుల్లో మాత్రం ఆర్బులు ఎవరి దగ్గరా లేనప్పుడు పడ్డ చిల్లర చాలా పని చేస్తుంది.

లూట్ ఫిల్టర్ గురించి చెప్పకపోతే ఈ ఆట గురించి చెప్పినట్టు కాదు. ఒక గుంపును చంపితే నేలంతా వస్తువుల పేర్లతో నిండిపోతుంది. ఏది చూపాలి, ఏది దాచాలి అని ఆటకు చెప్పే చిన్న రాతఫైలు ఫిల్టర్. నెవర్‌సింక్ అనే ఆటగాడు తయారుచేసిన ఫిల్టర్‌ను లోకమంతా వాడుతుంది. అందులో మెతకదీ కఠినమైనదీ అని మెట్లున్నాయి. పాత సీజన్ చివర్లో వాడిన కఠినమైన ఫిల్టర్‌నే కొత్త సీజన్ మొదటి రోజున పెట్టుకునేవాళ్ళున్నారు. అప్పుడు పనికొచ్చే చిన్న సరుకంతా కళ్ళ ముందే పడి, కనపడకుండానే పోతుంది. తొలి రోజు మెతకది పెట్టుకోండి, చేతిలో ఆర్బులు పెరిగేకొద్దీ బిగించండి.

దొరికింది సరే, ఏం చేయాలి? అమ్మాలి. ఇక్కడ నా మాట కొంచెం కఠినంగా ఉంటుంది. తొలి వారంలో పెద్ద వస్తువు దొరికి, అది మీ పాత్రకు ఇప్పుడే పనికిరాకపోతే, ఆ పూటే అమ్మేయండి. "ఇంకో పాత్ర చేసినప్పుడు వాడతాను" అని బీరువాలో దాచుకున్నది బీరువాలోనే పాతబడుతుంది. ఎందుకంటే రోజురోజుకూ లక్షలమంది అదే వస్తువు కోసం చంపుతూనే ఉన్నారు, సరుకు పెరుగుతూనే ఉంటుంది. కొనేవాళ్ళు మాత్రం తగ్గుతారు, చాలామంది మొదటి నెల దాటకుండానే ఆట వదిలేస్తారు. అమ్మగా వచ్చింది చిల్లరగా ఉంచుకోవద్దు. పాత్ ఆఫ్ ఎగ్జైల్‌లో లీగ్ ముదిరేకొద్దీ ఒక డివైన్‌కు ఇవ్వాల్సిన కేయాస్‌లు సాధారణంగా పెరుగుతూ పోతాయి. చిల్లర దాచినవాడు కూర్చున్నచోటే బీదవాడవుతాడు.

సీజన్ మొదట్లోనే ఇంకో రకం బేరగాళ్ళు కూడా దిగుతారు. రూపాయలు, డాలర్లు తీసుకుని ఆర్బులూ రూన్లూ అమ్ముతామంటారు. ఈ రెండు ఆటల నిబంధనల్లోనూ అది నిషేధం. పట్టుబడితే ఖాతా పోతుంది. పట్టుబడకపోయినా, డబ్బు పోసి కొన్న సరుకు ఆ సీజన్ ముగియగానే డయాబ్లో 2లో నాన్‌ల్యాడర్‌లోకి, పాత్ ఆఫ్ ఎగ్జైల్‌లో స్టాండర్డ్ లీగ్‌లోకి, అంటే పాత సరుకంతా చేరే చోటికి, వెళ్ళిపోతుంది, మరుసటి సీజన్‌లోకి ఒక్క రాయి కూడా రాదు. ఇందాకటి తల్లిగారికి ఈ ఒక్క సంగతి చెబుతున్నాను. రాత్రి మేలుకొన్నాడని తిట్టండి, పర్వాలేదు. కానీ మీ ఫోన్‌కు తెలియని చెల్లింపు ఓటీపీ వస్తే మాత్రం అడగండి.

కుర్రాళ్ళకు నా తీర్పు ఇది. డయాబ్లో 2 అయితే తొలి వారం కౌంటెస్, నైట్‌మేర్ మెఫిస్టో. పాత్ ఆఫ్ ఎగ్జైల్ అయితే ఆక్విడక్ట్, ఆ తర్వాతే, అంకాలన్నీ ముగిశాక ఆడే మ్యాపులు. ఖరీదైన సరుకు లేకపోయినా నడిచే పాత్రనే మొదట పెంచండి, సోకుల పాత్ర రెండోది. షాకో టోపీ సంగతంటారా, మొదటి వారంలో కళ్ళు తిరిగే ధర పలికిన ఆ టోపీ మూడో నెలకల్లా మధ్యరకం రూన్ ఒకటి ఇస్తే వచ్చేస్తుంది. మా వాడు చివరికి అలాగే కొనుక్కున్నాడు.